గోరువెచ్చని బీన్స్

మన పిల్లల్లో కొందరు ఈ మధ్య పబ్లిక్ హెల్త్ చదివి కౌంటీల్లో, అంటే ఇక్కడి జిల్లాల్లో, ఫుడ్ ఇన్‌స్పెక్టర్లుగా చేరుతున్నారు. ఎవరో నా నంబరు ఇస్తారు కాబోలు, చేరేముందు ఫోన్ చేసి "అంకుల్, జాబ్ ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. పరీక్షకి ఏం చదవాలో, ప్రమోషన్ ఎప్పుడొస్తుందో నాకంటే వాళ్ళ కంప్యూటర్‌కే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఈ ఉద్యోగంలో మనిషిని పాడుచేసేది లంచం కాదు, బొద్దింకలు కాదు. వాసన. పొద్దున తిన్న ఇడ్లీ అరిగిపోయిన వేళ, పంది మాంసం సన్నని సెగ మీద నెమ్మదిగా వేగుతున్న వంటింట్లో, చేతిలో థర్మామీటరు తప్ప ఇంకేమీ లేకుండా నిలబడాలి. నేను ఉద్యోగమంతా అలాగే నిలబడ్డాను. ఒక్కసారి నిలబడలేకపోయాను. ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

మా ఇల్లు కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో. ఉద్యోగం కొండల అవతల, పక్క కౌంటీలో. 2001లో చేరి 2015లో దిగిపోయాను. నేను ఇండియాలో చదివింది పశువైద్యం. ఇక్కడికొచ్చాక మళ్ళీ మొదటినుంచీ చదివితే తప్ప పశువుల దగ్గరికి రానివ్వం అన్నారు. అంత ఓపిక లేక, ఉన్న మార్కులతో ఈ పరీక్ష రాసి, పశువులు కూరగా మారాక వాటి బాగోగులు చూసే పనిలో కుదిరాను.

నాకిచ్చిన ప్రాంతంలో బాదం తోటలు, టొమాటో లారీలు, వాటి మధ్య చిన్న చిన్న ఊళ్ళు. హోటళ్ళలో సగానికి పైగా మెక్సికన్ వాళ్ళవే. నా రంగూ మీసమూ చూసి వాళ్ళు స్పానిష్‌లో మొదలుపెట్టేవారు. నేను నోరు తెరిచాక జాలిపడేవారు. రమణ అన్న నా పేరు మొదటి వారంలోనే రమోన్ అయింది. నేను దిద్దలేదు.

వాల్ట్ పెట్టిన రూలు

నా మొదటి బాస్ వాల్ట్. నేవీలో వంటవాడిగా చేసి వచ్చిన పొడుగాటి ముసలాయన. నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆఫీసుకి తిరిగి రాగానే తన గదిలోకి పిలిచాడు.

"రమణా, నీ టై మీద ఉన్నది ఏమిటి?"

"సాల్సా."

"ఏ ఊరిది?"

ఊరి పేరు చెప్పాను.

"ఎర్రదా, పచ్చదా?"

"పచ్చది."

"బాగుందా?"

"చాలా బాగుంది."

"నాకూ తెలుసు. పదేళ్ళుగా ఆ కొట్టు ముందు నుంచి కారు అద్దాలు ఎత్తేసుకుని వెళ్తున్నాను."

తర్వాత ఆయన పెట్టిన రూలు ఇది. నీ ప్రాంతంలో తినకు. ఊరికే పెడితే ఎలాగూ తినకూడదు, డబ్బిచ్చి కూడా తినకు. తిన్నచోట మనకి తప్పులు కనపడవు. ఆకలితో మాత్రం ఏ వంటింట్లోనూ అడుగుపెట్టకు.

ఇందులో మొదటి భాగం ఆఫీసు రూలు. డబ్బిచ్చి కూడా తినకు అన్నది వాల్ట్ సొంతం. నేను చేతులు జోడించి ఒప్పుకున్నాను. నిజానికి టై మీద ఆ సాల్సా పచ్చడి ఒలికించిన టాకో, అంటే మాంసం చుట్టిన మొక్కజొన్న రొట్టె, నేను అడిగి తిన్నది కాదు. వద్దు అన్నాను. మన ఇళ్ళల్లో వద్దు అంటే ఇంకో గరిటె అని అర్థం. వాళ్ళ ఇళ్ళల్లోనూ అంతేనని నాకప్పుడు తెలియదు. మొహమాటం ఉన్నవాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు. నాకు ఉంది. చివరిదాకా ఉంది.

గీత అవతల

నా ప్రాంతంలో తినకూడదు కాబట్టి, శని ఆదివారాలు కౌంటీ సరిహద్దు గీత దాటి తినడం మొదలుపెట్టాను. నా భార్య విజయ తోడు. అప్పటిదాకా మెక్సికన్ అంటే మాకు తెలిసింది మాల్‌లో దొరికే బీన్ బరీటో, అంటే రాజ్మాలాంటి గింజల ముద్ద చుట్టిన మైదా రొట్టె. మెత్తగా, చప్పగా, పైన పసుప్పచ్చని చీజ్ కప్పుకుని ఉండేది. దాన్ని తిట్టను. కొత్తగా వచ్చిన మన శాకాహారుల్ని ఎందరినో అది బతికించింది. కానీ అది మెక్సికన్ భోజనం అంటే, విమానంలో ఇచ్చేది ఆంధ్ర భోజనం అన్నట్టే.

ఒక టైర్ల కొట్టు పక్కన ఆదివారాలు మాత్రమే తెరిచే చోటు ఒకటి ఉండేది. అక్కడ బిర్రియా అని, మేక మాంసాన్ని ఎండుమిరపకాయల రసంలో తెల్లవార్లూ ఉడికించి గిన్నెలో పోసి ఇస్తారు. మొదటి గుక్కకే విజయ "ఇది మా మేనత్త తలకాయ పులుసు" అంది. మేనత్త ఆ మాట వింటే ఏమనేదో కానీ, మేం వరసగా చాలా ఆదివారాలు వెళ్ళాం. ఇంకోచోట మెక్సికోలోని ఓహాకా నుంచి వచ్చిన కుటుంబం మోలే చేసేది. ఎండుమిరప, నువ్వులు, వేరుశనగ, కొంచెం చాక్లెట్ నూరి చేసిన నల్లటి గ్రేవీ. విజయ అది నోట్లో పెట్టుకుని, ఇంకో చెంచా తీసుకుని రంగు చూసింది. "గుత్తివంకాయలో ఈ నలుపు రావాలండీ" అంది చివరికి. మర్నాడు గుత్తివంకాయలో చాక్లెట్ వేసింది. ఆ సంగతి మేమిద్దరం ఎక్కడా చెప్పుకోం.

గుంటూరు వాళ్ళ పచ్చడినీ, రాయలసీమ సంగటినీ, గోదావరి వాళ్ళ చేపల పులుసునీ ఒకే బోర్డు కింద పెట్టి సౌత్ ఇండియన్ అంటే మనకెలా ఉంటుంది? మెక్సికన్ అన్న మాట విన్నప్పుడు వాళ్ళకీ అలాగే ఉంటుంది. మంచి చోటు గుర్తు పట్టడానికి నా లెక్క ఇది. మెనూ చిన్నదైతే నమ్మండి. ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ ముక్క అడగకుండానే ఇస్తే కూర్చోండి. జేబులోంచి కారప్పొడి సీసా తీయకండి. నేను మొదట్లో తీసేవాణ్ణి. టైర్ల కొట్టు పక్కన బిర్రియా వడ్డించే ముసలాయన నా సీసా చూసి, మూత తీసి వాసన చూసి, తన గిన్నె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. విజయ ఆ సీసాని హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుంది. మళ్ళీ నాకు తిరిగివ్వలేదు.

లూపే గారి వంటిల్లు

అన్నిటికంటే మంచి చోటు, నా ఖర్మ, నా ప్రాంతంలోనే ఉంది.

బట్టలుతికే మెషీన్ల కొట్టుకీ మంగలి షాపుకీ మధ్య ఇరుకు దుకాణం. పేరు రాయను. ఊళ్ళో అందరూ లూపే గారి కొట్టు అనే అనేవారు. లూపే గారు మెక్సికోలోని మిచోవకాన్ నుంచి వచ్చిన పెద్దావిడ. వంట ఆవిడది, గల్లాపెట్టె కూతురు మారిసోల్‌ది. పెద్ద రాగి గుండిగలో పంది మాంసాన్ని దాని కొవ్వులోనే గంటలకొద్దీ వేయించి కార్నీటాస్ చేసేది. ఆ వాసన పార్కింగ్ దగ్గరే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకునేది. నా థర్మామీటరు ఆ గుండిగలో ఎన్నిసార్లు మునిగిందో చెప్పలేను. నేను మాత్రం ఒక్కసారీ మునగలేదు.

మొదటి తనిఖీలో ఒకే ఒక్క తప్పు రాశాను. ఉడికిన బీన్స్‌ని లోతైన గిన్నెలోనే చల్లార్చుతోంది. అలా చేస్తే నడుమ భాగం గంటలకొద్దీ గోరువెచ్చగా ఉండిపోతుంది. క్రిములకి కావలసింది ఆ గోరువెచ్చదనమే. వేడిగానైనా ఉండాలి, చల్లగానైనా ఉండాలి, మధ్యలో ఉండకూడదు అన్నది మా వృత్తిలో మొదటి పాఠం. వెడల్పు పళ్ళాల్లో పరచమన్నాను. ఆ తర్వాత ఆవిడ వంటింట్లో నాకు రాయడానికి ఏమీ దొరకలేదు.

ప్రతిసారీ వెళ్ళేటప్పుడు ఇదే గొడవ.

"రమోన్, ఒక్క టాకో."

"రూల్స్, సెన్యోరా."

"నా వంటిల్లు శుభ్రంగా లేదా?"

"ఉంది."

"అయితే రుచిగా ఉండదని నీ అనుమానం."

గల్లాపెట్టె దగ్గర్నుంచి మారిసోల్ అనేది, "అమ్మా, వదిలెయ్. చూడు, ఏడ్చేట్టున్నాడు."

ఇక మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. బయట గోరువెచ్చని గిన్నెలు పట్టుకునే ఈ మనిషి ఇంట్లో పొద్దున వండిన పప్పు సాయంత్రం దాకా స్టవ్ మీదే ఉండేది. ఒకసారి థర్మామీటరు తెచ్చి విజయ పులిహోరలో గుచ్చాను. "ఇంకోసారి అది నా గిన్నెలో పెడితే మీ నోట్లో పెడతాను" అంది. పులిహోరకి ఏమీ కాదు, నిజమే. చింతపండు పులుపులో క్రిములు పెరగవు. పెరుగన్నమూ అంతే. రైలు ప్రయాణాలకి మన పెద్దవాళ్ళు అవే ఎందుకు కట్టి ఇచ్చారో మనలో ఎవరూ ఆలోచించలేదు. అన్నం ఏదైనా అలాగే ఆగుతుందని నమ్మేసి అమెరికా దాకా వచ్చేశాం.

పిక్నిక్

మా తెలుగు సంఘానికి ఆ ఏడు అధ్యక్షుడు చలపతి. సాఫ్ట్‌వేర్ మేనేజరు. మంచివాడు, మైకు చేతికిస్తే మాత్రం వదలడు. పిక్నిక్‌కి ఏటా పులిహోర, పెరుగన్నమేనా అని కమిటీలో ఎవరో అంటే, "మెక్సికన్ పెడితే?" అన్నాను. కొట్టు పేరూ నేనే చెప్పాను.

ఎందుకు చెప్పానో నాకు తెలుసు. కొనేది సంఘం, నేను కాదు. తినేది పార్కులో, నా ప్రాంతంలో కాదు. ఇలా నాలో ఉన్న ప్లీడరు వాదించి గెలిచాడు. వాల్ట్ అప్పటికి రిటైరై చేపలు పట్టుకుంటున్నాడు. శాకాహారులకి బీన్స్ కొవ్వుతో కాక నూనెతో చేయమని, అన్నంలో కోడి రసం పోయవద్దని, కార్నీటాస్ వేరే బల్ల మీద దూరంగా పెట్టమని అన్ని జాగ్రత్తలూ చెప్పాను. ఉద్యోగ ధర్మం అంతా అక్కడే ఖర్చయిపోయింది.

ఆదివారం పదకొండున్నరకి లూపే గారు, మారిసోల్ వ్యాన్‌లో వచ్చారు. వేడి నిలిపే పెట్టెల్లోంచి పొగలు కక్కుతున్న ట్రేలు బల్లల మీదికి దించారు.

"పెట్టెలు ఉంచి వెళ్ళనా, రమోన్? సాయంత్రం మారిసోల్ వచ్చి తీసుకెళ్తుంది."

"అయ్యో, వద్దండీ. మీకెందుకు శ్రమ? ఇప్పుడే తినేస్తాం."

"ఇప్పుడేనా?"

"ఇదిగో, ఇప్పుడే."

ఆవిడ పార్కు కలయజూసింది. మనవాళ్ళు ఇంకా కార్లలోంచి దిగుతున్నారు. చలపతి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటున్నాడు. ఆవిడ పెట్టెలు ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

ప్రార్థనా గీతం అయింది. అధ్యక్షుడి స్వాగతం అయింది. చిన్నపిల్లల డాన్స్, పెద్దవాళ్ళ లెమన్ అండ్ స్పూన్, రాఫెల్ అయ్యాయి. ముఖ్య అతిథి ఓక్లండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారని కబురు వచ్చింది. చలపతి వాళ్ళ నాన్నగారు, ఒంగోలులో హెడ్మాస్టరుగా రిటైరై కొడుకు దగ్గర కొన్నాళ్ళు ఉండటానికి వచ్చినాయన, నా పక్క కుర్చీలోంచి నా వైపు వంగారు.

"ఏమయ్యా రమణా, భోజనాలు ఈ జన్మలోనేనా?"

ట్రేల మీద చెయ్యి పెట్టి చూశాను. థర్మామీటరు అక్కర్లేదు. ఏ హోటల్లోనైనా ఆ వెచ్చదనం తగిలితే, మొత్తం చెత్తబుట్టలో పోయించి, పోశారో లేదో నిలబడి చూసేవాణ్ణి. చలపతి దగ్గరికి వెళ్ళాను.

"భోజనాలు మొదలుపెట్టేద్దామా? లేటయిపోయింది."

"ఒక్క పదిహేను నిమిషాలు, రమణ గారూ. చీఫ్ గెస్ట్ హైవే ఎగ్జిట్ తీసుకున్నారట. ఆయన రాకుండా తింటే ఏం బాగుంటుంది చెప్పండి?"

"నిజమే" అన్నాను.

ఆ ఒక్క మాట అన్నది ఇన్‌స్పెక్టరు కాదు, మొహమాటం.

ముఖ్య అతిథి వచ్చాక, మూడు దాటి తిన్నాం. ఎన్నో ఏళ్ళు వాసనతోనే సరిపెట్టుకున్న కార్నీటాస్ నోట్లో పెట్టుకున్నాను. గోరువెచ్చగా ఉన్నా, అంచులు కరకరలాడుతూ లోపల వెన్నలా ఉంది. రెండోసారి వెళ్ళాను. మూడోసారి కూడా వెళ్ళాను. హెడ్మాస్టరు గారు బీన్స్ వేలితో నాకి, "ఇది పప్పుకి పెద్దన్నయ్య" అని తీర్పిచ్చారు.

మిగిలినదాన్ని ఆడవాళ్ళు ఖాళీ పెరుగు డబ్బాల్లోకి సర్దుతుంటే, "వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండమ్మా" అని గొణిగాను.

"అన్నయ్య గారూ, మీ ఆఫీసు ఇక్కడ తెరవకండి" అంది ఒకావిడ. "పులిహోర రెండు రోజులుంటుంది, ఇది ఒక్క పూట ఉండదా?"

డబ్బాలు కార్లలోకి వెళ్ళాయి. మనవాళ్ళు సాయంత్రం దాకా త్రోబాల్ ఆడారు.

సోమవారం

తెల్లారేసరికి సంఘంలో చాలా ఇళ్ళల్లో బాత్రూమ్ తలుపులు మోగుతున్నాయి. మా ఇంట్లోనూ అంతే. తలుపు అవతలి నుంచి విజయ అడిగింది, "ఏవండీ, మీ ఉద్యోగం ఏమిటన్నారూ?"

ప్రాణం మీదికి ఎవరికీ రాలేదు. సాయంత్రానికల్లా అందరూ మజ్జిగ తాగి లేచి కూర్చున్నారు. కానీ అప్పటికే ఎవరో ఇంటర్నెట్‌లో లూపే గారి కొట్టుకి ఒక్క చుక్క రేటింగ్ ఇచ్చి "పాయిజన్" అని రాశారు. ఇంకెవరో కౌంటీకి ఫోన్ చేశారు. మంగళవారం నేను ఆఫీసుకి వెళ్ళేసరికి మా కొత్త బాస్ డెనీస్ ఎదురొచ్చింది. ఆవిడ నవ్వడం ఆఫీసులో ఎవరూ చూడలేదు.

"ఫుడ్ పాయిజనింగ్ కంప్లైంట్. నీ ప్రాంతమే. వెళ్ళి చూడు. తేడాగా ఉంటే మూసెయ్."

"సరే" అన్నాను. ఆ ఆర్డర్ నేను ఇప్పించిందేనని చెప్పకుండా బయల్దేరాను. కారు నడుపుతూ ప్లాన్ వేసుకున్నాను. వెళ్తాను, తప్పేమీ ఉండదు, లేదని రాస్తాను, అంతా చల్లారిపోతుంది. నా పేరు ఎక్కడా రాదు. లూపే గారికీ నష్టం లేదు అనుకున్నాను.

కొట్టు తలుపుకి మూసివేసినట్టు అట్ట వేలాడుతోంది. లోపల వాసన లేదు. అదే మొదట నన్ను తాకింది. రాగి గుండిగ తోమి బోర్లించి ఉంది. ఉన్న సరుకంతా ఆవిడే పారబోసేసింది. బ్లీచ్‌తో కడిగిన నేల ఇంకా తడిగా ఉంది.

"చర్చిలో పిల్లల ఫస్ట్ కమ్యూనియన్ విందులకి వచ్చిన ఆర్డర్లు రెండు క్యాన్సిల్ అయ్యాయి" అంది మారిసోల్. "ఇంకో రెండు ఆలోచించి చెప్తామన్నారు. వాళ్ళు చెప్పరు. ఈ సీజన్ పోతే అద్దె కట్టలేం."

లూపే గారు ఏప్రన్ అంచు చేతుల్లో నలుపుతూ నిలబడింది. "రమోన్, పిల్లలకి ఏమైనా అయ్యిందా?"

"లేదు. అందరూ బాగున్నారు."

"నా బీన్సేనా? ఆ పొద్దున్నే వండాను. ఎక్కడ తప్పు చేశాను? నువ్వు చెబితే దిద్దుకుంటాను. ఇంతకుముందూ దిద్దుకున్నాను కదా."

కార్లో వేసుకున్న ప్లాన్ అక్కడ పనిచేయలేదు. తప్పు లేదని నేను కాగితం మీద రాసినా, ఈవిడ జన్మంతా తన చేతుల్ని అనుమానించుకుంటుంది.

"మీ తప్పు లేదండీ. మేం మూడింటికి తిన్నాం."

"మూడింటికా?"

"దాటింది."

"పెట్టెలు ఉంచి వెళ్తానన్నాను."

"అన్నారు."

"మరి మీరేమన్నారు?" అంది మారిసోల్.

"మీకు శ్రమ అవుతుందని..."

లూపే గారు కూతురి వైపు తిరిగి స్పానిష్‌లో ఒక పెద్ద వాక్యం అంది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"అది నేను ట్రాన్స్‌లేట్ చెయ్యను" అంది మారిసోల్.

డెనీస్ గది

తిరిగి వచ్చి డెనీస్‌కి అంతా చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి విన్నది.

"ఆర్డర్ నువ్వు ఇప్పించావు."

"అవును."

"వేడి పెట్టెలు వద్దన్నది నువ్వు."

"అవును."

"ఫుడ్ చల్లారుతుంటే చూస్తూ కూర్చున్నది నువ్వు. అదీ ఎండలో."

"నీడలో" అన్నాను. "చెట్టు కింద."

"రమణా."

"చెప్పండి."

"బయటికి వెళ్ళు."

తలుపు వేశాక లోపలి నుంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. క్లర్కు నా వైపు కళ్ళు పెద్దవి చేసి, "నవ్వుతోంది" అంది.

లూపే గారి కొట్టుకి వేరే ఇన్‌స్పెక్టరు వెళ్ళి, ఏ తప్పూ లేదని రాశాడు. నన్ను హోటళ్ళ నుంచి తీసి ఈత కొలనుల తనిఖీకి వేశారు. మిగిలిన ఉద్యోగమంతా అపార్ట్‌మెంట్ల కొలనుల్లో క్లోరిన్ కొలుస్తూ గడిపాను. ఆ శిక్ష సబబే. క్లోరిన్ వాసనకి ఎవరికీ ఆకలి వేయదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్తాను. మనల్ని చూసి వణికేవాళ్ళ ముందు కచ్చితంగా ఉండటం గొప్ప కాదు. లూపే గారి గిన్నె లోతుగా ఉందని రాయడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. మన సంఘంలో, మనవాళ్ళ మధ్య, ముఖ్య అతిథి ఎగ్జిట్ తీసుకున్న సమయంలో మైకు లాక్కుని "ఈ భోజనం పారబోయండి" అనగలిగితే వాడు ఇన్‌స్పెక్టరు. నేను కాలేకపోయాను. మీ తెలివి మీద నాకు అనుమానం లేదు. మీ మొహమాటం ఎంతో చూసుకుని రండి.

మళ్ళీ మైకు

ఆ వారంలోనే మారిసోల్ ఫోన్ చేసింది. "అమ్మ అడగమంది. మీ బాస్‌కి చెప్పారు, ఓకే. మీ బాస్ మా దగ్గర తినదు. మమ్మల్ని పాయిజన్ అన్నవాళ్ళకి చెప్పారా?"

చెప్పలేదు. చెప్పకుండా గడిచిపోతుందని ఆశపడుతున్నాను.

శనివారం స్కూల్ హాల్లో పిల్లల కూచిపూడి కార్యక్రమం ఉంది. నేను రెండు నిమిషాలు మాట్లాడాలంటే చలపతి పొంగిపోయాడు. మైకు తీసుకుని, "మొన్న జరిగిన సంఘటన దృష్ట్యా, మన ఫుడ్ సేఫ్టీ ఎక్స్‌పర్ట్ రమణ గారు బయట తినేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు చెప్తారు" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారు.

"జాగ్రత్తలేమీ లేవండీ" అన్నాను. "ఆ రోజు మన కడుపులు పాడుచేసింది నేను." పెట్టెలు వద్దన్న సంగతి, ట్రేల మీద చెయ్యి పెట్టి చూసి కూడా ఊరుకున్న సంగతి, పులిహోరకీ బీన్స్‌కీ ఉన్న తేడా చెప్పాను. హాల్లో గోల మొదలైంది. "తెలిసీ పెట్టారా?" అని ఒకరు, "మా అబ్బాయికి సోమవారం పరీక్ష" అని ఒకరు. వెనక వరసలో విజయ తల వంచుకుని హ్యాండ్‌బ్యాగ్‌లో ఏదో వెతుకుతోంది. ఏమీ వెతకట్లేదని నాకు తెలుసు.

హెడ్మాస్టరు గారు కర్ర పట్టుకుని లేచారు. హాలు సద్దుమణిగింది.

"అంటే వండినావిడ తప్పు లేదా?"

"ఏమాత్రం లేదండీ."

"వేడిగా తింటే ఏమీ కాదా?"

"కాదండీ."

"చల్లారిందే అంత బాగుంటే, వేడిది ఇంకెలా ఉంటుందయ్యా! ఒరే చలపతీ, ఆ కొట్టు ఎక్కడో కనుక్కో. రేపు కారు తియ్."

"నాన్నా, మొన్న మీరే కదా రోజంతా..."

"పరిగెత్తాను. నాకు తెలియదూ? అది ఆవిడ వంట మహిమ కాదు, నీ చీఫ్ గెస్ట్ మహిమ."

నవ్వులు లేచాయి. నా గురించి అనుకోవలసినవి అందరూ అనుకున్నారు. పార్కింగ్ లాట్‌లో కొందరు నా మొహం మీదే అన్నారు. కానీ ఆ రాత్రికి ఇంటర్నెట్‌లోంచి ఆ ఒక్క చుక్క పోయింది. దాని చోట ఇంకెవరో అయిదు చుక్కలు పెట్టారు.

ఇక ఆ ఊరు నా ప్రాంతం కాదు. డబ్బిచ్చి తినడానికి నాకు ఏ అడ్డూ లేదు. అయినా వెళ్ళడానికి మొహం చెల్లక కొన్ని వారాలు ఆగాను. ఈలోగా లూపే గారికి స్పానిష్‌లో క్షమాపణ చెప్పాలని నాలుగు వాక్యాలు బట్టీ పట్టాను. కార్లో విజయకి అప్పజెప్పాను. "రెండోది మర్చిపోతారు" అంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళేసరికి కొట్టు ముందు నాకు తెలిసిన కార్లు బోలెడు. లోపల బల్లలు కలిపేసుకుని మనవాళ్ళు. హెడ్మాస్టరు గారు అందరికంటే పెద్ద కుర్చీలో కూర్చుని, బీన్స్‌లో నిమ్మకాయ పిండుకుంటున్నారు. ఒకావిడ మారిసోల్‌ని పెరుగు ఉందా అని అడుగుతోంది. మారిసోల్ లేదని అదే జవాబు చెప్తోంది, ఆవిడ మళ్ళీ అడుగుతోంది. వరసలో నిలబడ్డాను. చాలాసేపటికి గల్లాపెట్టె దగ్గరికి చేరాను.

"కార్నీటాస్."

"అయిపోయింది" అంది మారిసోల్.

"బీన్స్?"

"అవీ అయిపోయాయి. చికెన్ ఒక్కటే ఉంది."

వంటింటి కిటికీలోంచి లూపే గారు తొంగి చూసింది. "మీవాళ్ళు తినేశారు, రమోన్."

కోపంగా లేదు, నవ్వుతూనూ లేదు. ఇదే సమయమని గొంతు సవరించుకుని బట్టీ పట్టినది మొదలుపెట్టాను. మొదటి వాక్యం వచ్చింది. రెండోది రాలేదు.

"సెన్యోరా, నేను..."

ఒకప్పుడు నేను ఆ తలుపు తోసుకుని లోపలికి వస్తే వంటింట్లో గరిటెలన్నీ ఆగిపోయేవి. లూపే గారు చేతిలో గరిటె ఆపకుండానే నా భుజం మీదుగా వెనక్కి చూసింది.

"పక్కకి జరుగు, రమోన్. నీ వెనకాల జనం ఉన్నారు."

జరిగాను.